గత్తరదిబ్బ మీద పెత్రమాస

పెత్రమాస... మిట్టమధ్యాహ్నం!

ఊరంతా ఇళ్లల్లోనే ఉంది. పోయిన పెద్దల పేరు మీద బియ్యమిచ్చి, వండినవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ఎప్పుడు వాలుతుందా అని చూస్తోంది. పొలాల్లో మనిషి అలికిడి లేదు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా పడమటి దిక్కున ఎక్కడో ఉరుము మూలుగుతోంది... నడినెత్తిన సూర్యుడు అగ్నిగోళంలా మండుతుండగా, తుమ్మచెట్టు మీద గుడ్లగూబ కూసింది!

ఛాతీ ఎత్తు పెరిగిన పత్తిచేలో, సాళ్ల మధ్య గొంతుక్కూర్చున్న వినోద ఆ కూత విన్నది. చేతిలో కొడవలి పిడి చెమటకు జారుతోంది. ఎదురుగా ముప్పై అడుగుల దూరంలో గత్తరదిబ్బ. దిబ్బ మీద రక్తవర్ణపు ముగ్గు. దాని పక్కన కొత్తగా తవ్విన నిలువులోతు గొయ్యి. గొయ్యి అంచున... చేతులు వెనక్కి విరిచి కట్టేసిన ఆమె ఆడబిడ్డ తిరుమల! తిరుమల భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డవాడు వినోద భర్త సుదర్శన్. ముగ్గు ముందు కూర్చున్నవాడు మంత్రగాడు పాండురంగం.

ఇదంతా నెల కిందట మొదలైంది. మగడు వదిలేశాక అన్న పంచన ఉంటున్న తిరుమల ఈ చేలోనే కలుపు తీస్తూ విరుచుకు పడిపోయింది. ఒళ్లు పెనంలా కాలింది. దవాఖానకు తీసుకుపోదామని వినోద మొత్తుకుంటుంటే, సుదర్శన్ నర్సంపేట అవతలి నుంచి పాండురంగాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషి గడప దాటకముందే జోస్యం చెప్పేశాడు. చేను మూలనున్న దిబ్బ కింద ఒకప్పుడు చర్చి ఉండేదట, దాని సమాధుల తోటలోని ప్రేతం పిల్లను ఆవహించిందట. రోజూ తెల్లవారగానే తానిచ్చే తీర్థం తాగించాలి, పెత్రమాస నాడు దిబ్బ మీద ప్రేతాన్ని విడిపించాలి!

వినోద మనసులో ముల్లు గుచ్చుకున్నది అక్కడే. పదేళ్లుగా ఆ చేను దున్నుతున్న తనకే అక్కడ చర్చి ఉండేదని తెలియదు. ఊళ్లో ఎవరినడిగినా దిబ్బ అన్నారే తప్ప చర్చి అనలేదు. మరి ఈ పరాయివాడికి ఎవరు చెప్పారు?

తీర్థం మొదలయ్యాక తిరుమల కనుపాపలు భయంకరంగా విచ్చుకున్నాయి. గోడలతో మాట్లాడేది. లేనివాళ్లను చూసి కెవ్వున అరిచేది. ఒకనాడు వినోద చెంబు మూత తీసి వాసన చూసింది. ఉమ్మెత్త! మేక కూడా మూతి పెట్టని ఆ కంపు ఆమెకు చిన్ననాటి నుంచి తెలుసు. సుదర్శన్‌తో అంటే, దేవుని మందుకు వంకలు పెట్టొద్దని విసురుగా లేచిపోయాడు. భార్య కళ్లలోకి మాత్రం చూడలేదు. ఇంకో ముల్లు దిగింది. అప్పటినుంచి తీర్థాన్ని గుట్టుగా పెంటకుప్పలో పారబోసి, పసుపు నీళ్లు తాగించసాగింది. నాలుగు రోజులకు తిరుమల చూపు కుదురుకుంది.

పక్క ఊళ్లో తొంభై ఏళ్ల పూలమ్మకు పాత సంగతులన్నీ గుర్తేనని ఎవరో చెబితే, పెత్రమాస పొద్దున్నే తిరుమలకు పసుపు నీళ్లే తాగించి, వినోద ఆమె గుడిసెకు పోయింది. దిబ్బ కింద ఏముండేదని అడిగింది. పూలమ్మ చెప్పింది. వాడకట్టు జనం తమ చేతులతోనే మట్టిగోడలు లేపి, పెంకులు కప్పి, ఇత్తడి గంట కట్టుకున్న చర్చి అది. పూలమ్మకు ఏడేళ్లప్పుడు గత్తర, అదే కలరా, వచ్చి వాంతులూ విరేచనాలతో రోజుకు ముగ్గురు నలుగురు రాలిపోయారు. మోయడానికి మగవాళ్లు మిగల్లేదు. చర్చి ఊడ్చే రూతమ్మ అనే ఒంటరి మనిషి గడ్డపార పట్టి నలభై ఒక్క గోతులు తవ్వింది. ఒక్క శవాన్ని కూడా కుక్కల పాలు కానివ్వలేదు. బతికినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పారిపోయారు. ఆఖరున గత్తర రూతమ్మకే వచ్చింది.

"ఆమెను పూడ్చెటందుకు ఎవ్వలు మిగల్లేరు బిడ్డా. చర్చి గడప మీదనే పడి పానం ఇడ్సింది. వానలకు గోడలే ఆమె మీద కూలినయ్. పెంకులు, దూలాలు దొరికినోళ్లు ఎత్కపోయిండ్రు."

వినోద కళ్లు తుడుచుకుంటుంటే పూలమ్మ ఇంకొక మాట అన్నది.

"నీకంటే ముందుగాల ఒకడొచ్చిండు. ఎండాకాలంల. ఆ గడప యాడుండెనో మల్ల మల్ల అడిగిపోయిండు."

ఆ వచ్చినవాడు పాండురంగమేనని వినోదకు అర్థమైంది. ఆగమాగంగా ఇంటికొస్తే ఇల్లు ఖాళీ. చూరులోని కొడవలి అందుకుని చేనుకు పరుగెత్తింది...

ఇప్పుడు ఆమె కళ్లముందే పాండురంగం దిబ్బ మట్టిలోంచి ఒక పుర్రెను పైకెత్తాడు. ఎనభై ఏళ్ల మట్టి దాని కళ్లగుంతల్లోంచి జలజలా రాలింది. నల్లకోడి నెత్తురు దాని మీద ధారగా పోశాడు. బీజాక్షరాలు వికృతంగా, కర్ణకఠోరంగా మార్మోగాయి! తుమ్మచెట్టు మీది గుడ్లగూబ రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది.

"దిక్కులేని సావు సచ్చింది. ఇసొంటి పుర్రె ఏడ దొరకదు," అన్నాడు సుదర్శన్‌తో. "ఇది లేవాలంటే గొయ్యి నిండాలె. పానానికి పానం. నీ చెల్లెను దింపు. ఏడాది తిరిగేలోపల నీకు కొడుకు పుడ్తడు."

కొడుకు! ఇన్నేళ్లుగా తనకు కడుపు పండలేదన్న బాధ ఇక్కడికి దారితీసిందా? ఇప్పుడైనా మొగడు తిరగబడతాడని చూసింది. తిరుమల ఏడుస్తూ "అన్నా!" అన్నది. సుదర్శన్ కళ్లు మూసుకున్నాడు. చెల్లెలి భుజం మీది చెయ్యి మాత్రం తీయలేదు.

వినోద కేక పెడుతూ దిబ్బ మీదికి దూసుకుపోయింది. పాండురంగం త్రుటిలో తిరుమలను గోతిలోకి తోసేసి, పుర్రెను ఎత్తిపట్టాడు.

"రూతమ్మా... లే! ఇగ నువ్వు నా దాసివి. మొదలు ఈ ఆడిదాని పానం తియ్యి!"

గాలి స్తంభించింది. పత్తి ఆకు కూడా కదలడం లేదు. ఆ ఘోర నిశ్శబ్దంలో, భూగర్భంలోంచి ఒక గంట మోగింది... ఒక్కసారి... మరొక్కసారి!

గోతిలోంచి తిరుమల గొంతు లేచింది. అది తిరుమల గొంతు కాదు! ఆమె ఒంట్లో ఉమ్మెత్త చుక్క లేదని ఈ లోకంలో వినోద ఒక్కదానికే తెలుసు. ఇది మత్తులో పలవరింత కాదు. ఆ గొంతు పేర్లు పిలుస్తోంది. యాకోబు... మరియమ్మ... ఎలీషా... పిలిచిన ప్రతి పేరుకూ చేలో ఒకచోట నేల మనిషి పొడవున కుంగుతోంది. పత్తిచెట్లు వరసగా ఒరుగుతున్నాయి. ఆ కుంగుడు దిబ్బ వైపే వస్తోంది!

పాండురంగం నాలుక మంత్రం మీద తడబడింది. పుర్రెను వదిలేయబోయాడు... అది చేతిని వదల్లేదు!

"అందర్ని పండవెట్టిన," అన్నది ఆ గొంతు, ఎంతో అలసటగా. "నువ్వొక్కనివే నిలవడ్డవ్."

అతడి కాళ్ల కింద మట్టి నోరు తెరిచింది. మోకాళ్లు... నడుము... గుండెలు! ఆర్తనాదం సగంలోనే మట్టితో మూసుకుపోయింది. ఉరుము ఒక్కటే దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది.

ఆ ఉరుముకు కళ్లు మూసుకున్న వినోద తిరిగి చూసేసరికి పుర్రె ఒక్కటే మట్టి మీద మిగిలింది. దాని చుట్టూ చదును చేసిన తడిమట్టి మీద అరచేతుల అచ్చులు ఉన్నాయి. చిన్నవి, ఆడమనిషివి.

సుదర్శన్ కూలబడ్డచోటు నుంచి కదల్లేదు; ఆమే గోతిలోకి దిగి కట్లు కోసి తిరుమలను పైకి లాగింది. పోలీసులు వచ్చి జేసీబీతో రెండు రోజులు తవ్వించారు. పాండురంగం వెంట్రుక కూడా దొరకలేదు; తప్పంతా అతడిదేనని రాసుకుని సుదర్శన్‌ను వదిలేశారు. వాళ్లు వెళ్లాక పూలమ్మను ఆటోలో తీసుకొచ్చి, తిరుమల కోసం తవ్విన గోతిలోనే రూతమ్మను పూడ్చారు. పూలమ్మ ప్రార్థన చేసింది. మొదటి పిడికెడు మట్టి తిరుమల వేసింది.

సుదర్శన్ ఏడ్చాడు. ప్రాణం తీస్తాడని తనకు తెలియదని, వట్టి పూజేననుకున్నానని ప్రమాణాలు చేశాడు. వినోద ఏదీ నమ్మలేదు, కాదనీ అనలేదు. బట్టలు సంచిలో సర్దుకుని, తిరుమలను వెంటబెట్టుకుని రఘునాథపల్లిలోని తల్లిగారింటికి బస్సెక్కింది. కిటికీ పక్కన నిలబడి అతడు ఏదో చెబుతూనే ఉన్నాడు. తిరుమల తల దించుకుంది. బస్సు కదిలేదాకా వినోద అతడి చేతులనే చూస్తూ కూర్చుంది.