సిపాయి డబ్బా

ఉదయం ఏడున్నరకి అమ్మ కోరిన కోరిక చాలా చిన్నది. దానికి వణికిపోవాల్సినంత కారణం ఆ ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరు మాట పూర్తికాకముందే వరండాలోకి వెళ్ళిపోయి, నిన్న తుడిచిన సైకిల్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు.

"ఆ డబ్బా మూత తుప్పు పట్టిందే పిచ్చుకా" అంది అమ్మ, మంచం పక్కనున్న బల్లకేసి చూస్తూ. "నువ్వు పని నేర్చుకునేచోట మంచి జాడీలుంటాయన్నావుగా. సిపాయిని అందులోకి మార్చు. నీ చేత్తోనే మార్చాలి."

ఇరవై నాలుగేళ్ళొచ్చినా అమ్మకి కూతురు ఇంకా పిచ్చుకే. సిపాయి ఆ ఇంట్లో పన్నెండేళ్ళు బతికిన కుక్క. అది పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచీ దాని బూడిద, అది తినే బిస్కెట్ల డబ్బాలోనే, అమ్మ తలగడ పక్కన ఉంది. పడుకునే ముందు ఆ మూత మీద రెండుసార్లు తట్టనిదే ఆవిడకి నిద్ర పట్టదు.

"ఇవాళ నా ఆఖరి పరీక్ష. అయ్యాక జాడీ తెస్తాలే" అంది పిచ్చుక, అమ్మ వీపు వెనక దిండు సర్దుతూ.

"పరీక్షట! పాలు పొంగకుండా కాచడం రాదుగానీ తొమ్మిది వందల డిగ్రీల పొయ్యి నడుపుతుందట!"

"అక్కడ పొంగడానికేం ఉండవమ్మా."

అమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. హాస్పిటల్ వాళ్ళు ఇంటికి పంపేసి పదిహేను రోజులు. ఇక మందులు నొప్పి తగ్గించడానికేనని డాక్టరు పిచ్చుకని పక్కకి పిలిచి మరీ చెప్పాడు. అమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

"నాకేం భయం లేదే" అంది అమ్మ ఊపిరి కూడదీసుకుని. "మీ నాన్న ఉన్నారుగా. సిపాయి పోయేటప్పుడు చివరిదాకా వాడి తల మీద చెయ్యేసి కూర్చున్నారు. కుక్క దగ్గరే అలా కూర్చున్న మనిషి, నన్నొదిలేసి లేచిపోతారా ఏంటి?"

పిచ్చుక కిటికీలోంచి వరండాలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన నాన్న సైకిల్ చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఈ పదిహేను రోజుల్లో ఆయన ఈ గదిలో వరసగా ఐదు నిమిషాలు కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి "మందేసుకున్నావా?" అంటారు. జవాబు వచ్చేలోగా మాయమైపోతారు.

*

పెంపుడు జంతువుల్ని దహనం చేసే క్రిమటోరియంలో ఆరు వారాల శిక్షణ. నలుగురు చేరితే ముగ్గురు మిగిలారు. నేర్పేది ఒక పెద్దాయన. పశువుల ఆస్పత్రిలో పని చేసి వచ్చినవాడు. అందరూ మాస్టారు అంటారు.

పరీక్ష అంటే కాగితాలేం ఉండవు. చనిపోయిన ఒక ముసలి కుక్కని వ్యాన్లోంచి దింపడం దగ్గర్నుంచి జాడీ మూత బిగించేదాకా అంతా తనే చెయ్యాలి. పిచ్చుక తూకం చూసింది. నంబరు బిళ్ళ రాసి, ఇంకొకరి చేత చదివించింది. మెడపట్టీ విప్పి యజమాని కవరులో వేసింది. నూలు బట్టలో చుట్టింది. ఇక్కడ పెట్టె వాడరు, బట్ట ఒక్కటే. బిళ్ళని పక్కనే పెట్టి పొయ్యి తలుపు దించింది. చల్లారాక ఎముకల్ని, బిళ్ళని జాగ్రత్తగా ఊడ్చి తీసింది. ఎప్పుడైనా ఆపరేషన్లో వేసిన స్క్రూలు ఉంటాయేమోనని అయస్కాంతం తిప్పింది. తర్వాతే గ్రైండర్. బయటికొచ్చింది లేత బూడిదరంగులో, సముద్రపు ఇసకలా గరగరలాడే పొడి. గాలికి ఎగరదు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది.

"పని వచ్చింది" అన్నారు మాస్టారు. "ఇప్పుడు నోరు చూద్దాం. ఇంటివాళ్ళు నిన్ను ఏమడుగుతారు?"

"రెండే అడుగుతారు మాస్టారూ. నొప్పి పడిందా? ఒంటరిగా పోయిందా?"

"ఏం చెప్తావ్?"

"తెలిస్తే చెప్తాను. తెలీకపోతే తెలీదంటాను."

"ఏడుస్తున్నారు. కాళ్ళు పట్టుకుంటున్నారు. ఒక్క మంచి మాట అంటే ఊరుకుంటారు. అప్పుడూ?"

"అప్పుడూ అంతే."

మాస్టారు సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చారు. "ఎందుకో తెలుసా? మనం అన్న మాట మీద వాళ్ళు ఇల్లు కట్టుకుని అందులో కాపురముంటారు."

పిచ్చుకకి ఆ మాట ఒకరు చెప్పక్కర్లేదు. పదమూడేళ్ళప్పుడు నాన్న ఆ డబ్బా తెచ్చి అమ్మ చేతిలో పెట్టడం, మూడు రోజులుగా ఏడుస్తున్న అమ్మ టక్కున ఆగిపోవడం కళ్ళారా చూసింది. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఈ పని ఎందుకని ఎవరడిగినా ఆ డబ్బా సంగతే చెప్పేది.

*

మధ్యాహ్నం రెండింటికి వంటింట్లో పేపరు పరిచింది. ఒక పక్క తెల్ల పింగాణీ జాడీ, ఒక పక్క డబ్బా. మూత చాకుతో లేపాల్సొచ్చింది.

మూత లేవగానే బూడిద గుప్పున లేచి ఆమె ముక్కు మీద పడింది.

పిచ్చుక కదలకుండా అలాగే కూర్చుంది. తర్వాత చెంచాడు తీసి అరచేతిలో పోసుకుంది. మెత్తగా, నల్లగా ఉంది. వేళ్ళకి అంటుకుంటోంది. గరుకే లేదు. డబ్బాని త్రాసు మీద పెట్టింది. సిపాయి ముప్ఫై కిలోల కుక్క. బూడిద కిలోకి దగ్గరగా ఉండాలి. డబ్బాతో కలిపి కూడా ముల్లు అరకిలో దాటలేదు. అలవాటు కొద్దీ సంచిలోంచి అయస్కాంతం తీసి తిప్పింది. దానికి మూడు మేకులు అంటుకున్నాయి. చెక్కపెట్టెలకి కొట్టే చిన్న మేకులు.

కట్టెల బూడిద.

ఒళ్ళు మండిపోయింది. నాన్నని ఎవరో దారుణంగా మోసం చేశారు! అయస్కాంతం పట్టుకునే వరండాలోకి పరుగెత్తింది.

"నాన్నా, సిపాయిని ఏ క్రిమటోరియంకి తీసుకెళ్ళావ్? పేరు చెప్పు. ఇప్పుడే వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చుంటా."

ఆయన తలెత్తలేదు. గుడ్డ ఒకే ఊచ మీద పైకీ కిందకీ పోతోంది.

"నిన్నే నాన్నా! వాళ్ళిచ్చింది వాడి బూడిద కాదు. చూడు, మేకులు!"

"బేకరీ" అన్నారాయన.

"ఏంటి?"

"మన వెనక వీధి బేకరీ. వాళ్ళ పొయ్యిలోది."

పిచ్చుక చేతిలోని అయస్కాంతం బరువెక్కినట్టయింది. మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"పశువుల ఆస్పత్రిలో ఇంజెక్షన్ తెచ్చారు" అన్నారు నాన్న, చక్రంతో చెప్తున్నట్టు. "వాడికి లేచే ఓపిక లేదు. నన్ను చూసి తోక మాత్రం ఆడించాడు. నాకు డ్యూటీ టైమైందని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను."

"డ్యూటీకి సెలవు పెట్టుకోలేదా?"

"ఆ రోజు నాకు సెలవే."

లోపల్నుంచి అమ్మ దగ్గు వినిపించింది. ఇద్దరూ అది ఆగేదాకా ఆగారు.

"మూడో రోజు బూడిదకెళ్తే, అన్నిటినీ కలిపి ఒకేసారి కాల్చేశాం, విడిగా ఇవ్వలేమన్నారు. మీ అమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంటుందని తెలుసు. ఖాళీ చేతుల్తో ఎలా రాను? దార్లో బేకరీ కుర్రాడు పొయ్యి ఊడుస్తున్నాడు... ఆ తర్వాత సిపాయి తల మీద చెయ్యేసి కూర్చున్నానని అదీ చెప్పేశాను. మీ అమ్మ అడిగింది మరి."

"నేను ఈ పనిలో ఎందుకు చేరానో తెలుసుగా నీకు?"

"తెలుసు. చేరతానన్న రోజే చెబుదామనుకున్నా."

"ఆరు వారాలు!"

"పదకొండేళ్ళు నోరెత్తనివాడికి ఆరు వారాలొక లెక్కా?" అన్నారు నాన్న. "జాడీలో పోసెయ్యమ్మా. మీ అమ్మ ఇంకెన్నాళ్ళుంటుందని. తెలీకుండానే వెళ్ళిపోనీ."

"నాన్నా, అమ్మ దేన్ని పట్టుకుని ధైర్యంగా ఉందో తెలుసా నీకు?" పిచ్చుక గొంతు తగ్గించింది. "సిపాయి దగ్గర కూర్చున్నారు కాబట్టి నా దగ్గరా కూర్చుంటారు అంటోంది. పొద్దున్నే అంది. నువ్వేమో గుమ్మం దాటవు."

గుడ్డ ఆయన చేతిలోంచి జారిపోయింది.

"నా వల్ల కావట్లేదే. లోపలికెళ్తే మీ అమ్మ కూడా అలాగే చూస్తోంది. అచ్చం వాడి చూపే."

"పిచ్చుకా! అయిందా?" లోపల్నుంచి అమ్మ పిలిచింది. "కొత్తింట్లోకి దిగాడా మావాడు?"

పిచ్చుక వంటింట్లోకి వెళ్ళింది. జాడీ, డబ్బా చెరో చేత్తో పట్టుకుంది. ఒక్క నిమిషం పని. పోసి, మూత బిగించి, నవ్వుతూ తీసుకెళ్తే చాలు. అమ్మ ఆ నవ్వుని నమ్ముతుంది. నమ్మి ఎదురుచూస్తుంది. ఆ రోజు వచ్చేసరికి నాన్న ఏ సైకిల్ తుడుస్తూ ఉంటారో.

రెండూ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేసింది.

"నువ్వే తీసుకెళ్ళు. ఏం చెప్తావో నీ ఇష్టం. నేను మాత్రం ఈ మూత బిగించను."

*

ఆయన చెప్పారు. నిలబడే చెప్పారు, గోడకి వీపు ఆన్చి, అన్నీ చెప్పారు. తోక ఆడించిన సంగతితో సహా.

అమ్మ ఒళ్ళో ఉన్న డబ్బాకేసే చూస్తూ వింది. ఏడవలేదు. చివర్న ఒకటే అడిగింది.

"అయితే వాడి దగ్గర ఎవరున్నారు?"

"తెలీదు" అన్నారు నాన్న.

"ఎవరో ఒకరు ఉండే ఉంటారంటారా?"

నాన్న పెదాలు కదిలాయి. మంచి మాట ఒకటి అక్కడిదాకా వచ్చి ఆగింది.

"తెలీదు. నిజంగా తెలీదు."

"పదకొండేళ్ళు బేకరీ పొయ్యికి జోకొట్టానన్నమాట" అంది అమ్మ. ఎవరూ నవ్వలేదు. "అది పారెయ్యండి. డబ్బా ఉంచండి. డబ్బా అయితే వాడిదేగా."

తర్వాత ఆయన్ని చూసింది. "మీరు లేచిపోతారు."

ఆయన కళ్ళు గుమ్మం వైపు పోయాయి.

"లేవనని ఒక్క మాట అనండి."

"ఎలా అనను? నా మాటకి విలువేముంది ఇక?" ఆయన కుర్చీ లాక్కున్నారు. దాదాపు పడ్డట్టే అందులో కూర్చున్నారు. "ఇప్పుడైతే కూర్చుంటాను."

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన చెయ్యి దుప్పటి అంచు దాకా వెళ్ళింది. అమ్మ తన చెయ్యి ఇవ్వలేదు.

ఆ రాత్రి అమ్మ మూత మీద తట్టలేదు. మర్నాడూ తట్టలేదు. కుర్చీ కూడా కదల్లేదు. పిచ్చుక తెచ్చిన టీ నాన్న అందులోనే కూర్చుని తాగారు, కునుకూ అందులోనే తీశారు. రెండుసార్లు పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నారు. రెండోసారి ఆయన తిరిగొచ్చేసరికి అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగి, ఖాళీ కుర్చీకేసి చూస్తూ ఉంది.

మూడో రోజు సాయంత్రం మందు మత్తులో కళ్ళు మూసుకునే అడిగింది. "ఉన్నారా?"

"ఉన్నాను."

అంతకంటే ఆవిడేం ఇవ్వలేదు. క్షమించానని అనలేదు. పర్లేదనీ అనలేదు. కానీ గంటకోసారి అడిగేది. ఆయన గంటకోసారి జవాబిచ్చేవారు. ఐదో రోజు పొద్దున అడగడం ఆగిపోయింది. నాన్న మాత్రం ఆవిడ నుదుటి మీద చెయ్యేసి "ఉన్నాను" అంటూనే ఉన్నారు. అడగని ప్రశ్నకి, తొమ్మిది దాకా, పది దాకా, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగి పెరిగి ఇక ఇంకోటి రానంతదాకా.

బల్ల మీద ఖాళీ బిస్కెట్ల డబ్బా, దాని పక్కన ఖాళీ జాడీ.

"పిచ్చుకా" అన్నారు నాన్న, కూతురివైపు చూడకుండా. "ఎందరినో చూశావుగా ఈ ఆరు వారాల్లో. నొప్పి పడిందంటావా అమ్మ?"

పిచ్చుక అమ్మ ముఖంలోకి చూసింది. నుదుటి మీద ముడతలు అలాగే ఉన్నాయి. ఒక్క మంచి మాట. అంతే కావాలి ఆయనకి. పసిపిల్లాడిలా ఎదురుచూస్తున్నారు.

"తెలీదు నాన్నా" అంది. ఆ మాటతో ఆమెకి ఏడుపు వచ్చేసింది.

ఆయన తలూపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు. చెయ్యి మాత్రం తియ్యలేదు.