పదకొండో విస్తరి

2061 ఫిబ్రవరి 9. ముద్దపప్పు, పనసపొట్టు కూర, పులిహోర, చివర్న బూరెలు. ఆ పెళ్ళి భోజనంలో ప్రతి మెతుకూ వాచస్పతికి గుర్తే. బూరెకి బొటనవేలితో గుంట చేసుకుని నేతికోసం కూర్చున్నాడు. పెళ్ళికూతురి తండ్రి, స్వయానా తన బావమరిది దక్షిణామూర్తి, నేతిగిన్నెతో పదో విస్తరిదాకా వచ్చాడు. పదకొండోది తనది. మూర్తి గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి పదిహేడేళ్ళు మాటల్లేవు.

నిరుడు భార్య సుభద్ర పోతూ, "మా తమ్ముడూ మీరూ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని తినండి" అంది. ఆమె పరికిణీల నాటి కబుర్లు తెలిసినవాడు ఇప్పుడు మూర్తి ఒక్కడే. అవి వినాలని వాచస్పతి ప్రాణం కొట్టుకునేది. పిలుద్దామనుకున్నప్పుడల్లా నెయ్యి లేని ఆ బూరె గొంతుకడ్డం పడేది.

చివరికి డ్రైవరు లేని ఆటో ఎక్కి కాకినాడ కథావైద్యశాలకి వెళ్ళాడు.

అక్కడి ఎదురుకథ యంత్రం బీరువా అంత ఉంటుంది. పూర్వం నెరేటివ్ థెరపీలో రోగి చేత తన కథ చెప్పించి, మెల్లగా తిరగరాయించేవారు. ఈ యంత్రం ఇద్దరి కథలూ విడివిడిగా విని, వాళ్ళ అనుమతితో, జరిగినదాన్ని ఒక్కొక్కరికీ అవతలివాడి వైపు నుంచి వినిపిస్తుంది.

"తన కథలో ప్రతివాడూ నాయకుడేనండీ, రోగమంతా అక్కడే" అంది డాక్టర్ నీలవేణి. "ఇది లక్ష తెలుగు కథలు చదివింది. నాయకుణ్ణి కుర్చీ దింపడం దీనికి బాగా వచ్చు. మీరు పేరు రాయించగానే కబురు చేశాం, మూర్తిగారు నిన్ననే వచ్చి తమ కథ చెప్పి వెళ్ళారు."

వాచస్పతి నేతి వాసన వచ్చేలా తన కథ చెప్పాడు.

"చాలాసార్లు చెప్పినట్టున్నారు" అంది యంత్రం.

"రోజు విడిచి రోజు మా ఆవిడకి చెప్పేవాణ్ణి."

"ఇక వినండి. కొత్త పట్టుపంచె. బరువైన నేతిగిన్నె. పదో విస్తరి దగ్గర దక్షిణామూర్తి కుచ్చిళ్ళు ఊడాయి. ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో నడుము పట్టుకుని పరుగెత్తాడు. బావ చూసి నవ్వాడనుకుని మళ్ళీ మొహం చూపించలేదు. సమాప్తం."

"మరి నేను?"

"మీరు లేరు. ఓ నవ్వు ఉంది, అదీ అనుమానమే."

"పదిహేడేళ్ళు పగ పట్టినవాణ్ణి! లేకపోవడమేమిటి?"

"కథకి అవసరం పడలేదండి."

నీలవేణి దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకుంది.

వాచస్పతికి రోషం ఆటో ఎక్కేదాకే నిలిచింది. వీధి మలుపు తిరిగేసరికి నవ్వొచ్చింది. మర్నాడు మూర్తిని రాత్రి భోజనానికి పిలిచాడు.

మూర్తి వచ్చాడు. "వర్షాలెలా ఉన్నాయి?" అన్నాడు వాచస్పతి. "పడుతున్నాయండి" అన్నాడు మూర్తి. అంతే. రోగం కుదిరిన ఇద్దరికీ మాట్లాడుకోవడానికేమీ మిగల్లేదు.

వాచస్పతి తన బూరెలో నెయ్యి పోస్తుంటే మూర్తి తలెత్తాడు. "ఆ రోజు నిజంగా చూళ్ళేదా, బావగారూ?"

"బూరెవంక చూస్తున్నానురా."

"పొద్దున మళ్ళీ వెళ్తే యంత్రమూ అదే అంది. మీ కథలో నేను మనిషినే కానట, ఒట్టి నేతిగిన్నెట! అక్క మాత్రం చూసింది. పిన్నీసు తెచ్చిచ్చింది తనే. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాను."

వాచస్పతి నేతిగిన్నె కింద పెట్టేశాడు. "తెలిసే విందా, ఇన్నేళ్ళూ?"

"ఆస్పత్రిలో అంది. 'ఒట్టు లేకపోయినా చెప్పేదాన్ని కాదురా. మీ బావ ఓ కథ చెబుతారు, అందులో నువ్వే దుర్మార్గుడివి. బూరె గుంట దగ్గరికొచ్చేసరికి బొటనవేలెత్తి చూపిస్తారు. ఆ వేలు చూడ్డానికే వింటాను' అని." మూర్తి ముందుకి జరిగాడు. "యంత్రం మూడు ముక్కల్లో తేల్చేసింది. మీరు చెప్పండి."

"అది తప్పు కథ కదరా?"

"ఒప్పుది విన్నాను లెండి. నాకు అక్క విన్నది కావాలి. నన్ను దుర్మార్గుడిగానే ఉంచండి."

వాచస్పతి గొంతు సవరించుకున్నాడు. ముద్దపప్పుతో మొదలుపెట్టాడు. బొటనవేలు లేచేసరికి మూర్తి ముక్కుతో బుస్సుమని, ఆపైన పగలబడి నవ్వాడు. అచ్చం సుభద్ర నవ్వే. వాచస్పతి ఆ నవ్వు అయిపోయేదాకా కదల్లేదు.

గుమ్మం దగ్గర మూర్తి చెప్పులేసుకుంటూ, "రేపు నేను చెబుతాను. అక్క ఎనిమిదో ఏట పాలవాడి సైకిలెక్కి పారిపోయిన కథ" అన్నాడు.

"అందులో దుర్మార్గుడెవరు?"

"మీరే."

"అప్పటికి నేను మీకు తెలియనే తెలియదు కదరా!"

"ఎవరో ఒకరు ఉండాలిగా బావగారూ."

మూర్తి వీధి చివరికి చేరేదాకా చూసి, వాచస్పతి చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.