నిలబడి తీసే కలుపు

పొద్దున భాగీరథి చేసే మొదటి పని లేచి నిలబడటం. అదీ ఒక పనేనా అనిపిస్తుంది గానీ, ఆమెకు అంతకంటే కష్టమైన పని రోజంతటిలో మరొకటి లేదు. చాప మీద పక్కకు తిరగాలి, గోడ పట్టుకుని మోకాళ్ల మీదికి రావాలి, పళ్లు బిగబట్టి ఒక్కసారిగా లేవాలి. ఆ రోజు లేచేసరికి ఎడమకాలు తిమ్మిరెక్కి తనది కానట్టే ఉంది. కాలు ఈడ్చుకుంటూనే వెళ్లి పొయ్యి వెలిగించింది.

"కాలు ఇంక గట్లనే ఉన్నదా?" అన్నాడు విరూపాక్ష.

"ఉంటె నువ్వేం చేస్తవ్? చాయ్ తాగు."

కోహీర్ దగ్గర వాళ్లకు చిన్న కూరగాయల తోట ఉంది. విరూపాక్ష జహీరాబాద్‌లో సైకిళ్ల దుకాణంలో పనిచేస్తాడు. తోట పనంతా భార్యదీ, తల్లి మహాదేవమ్మదీ. అందులో సగం పని కలుపు తీయడమే. ఆ ఎర్రనేలలో తుంగ ఇవాళ పీకితే ఎల్లుండికి మళ్లీ తలెత్తుతుంది. గొంతుకూర్చుని చేతిలో ఇమిడే కుర్పీతో గీకుతూ, మొక్కకూ మొక్కకూ మధ్య జరుగుతూ సాలు పొడుగునా పోవాలి. వయసంతా అలా జరిగీ జరిగీ మహాదేవమ్మ నడుము వంగిపోయి మరి లేవలేదు. నడిచినా నేలనే చూస్తూ నడుస్తుంది. అత్తను చూసినప్పుడల్లా భాగీరథికి తన ముసలితనమే ఎదురొస్తున్నట్టు ఉండేది.

దవాఖానలో డాక్టరు అంతకుముందే దాచకుండా చెప్పేశాడు. వెన్నుపూస జరిగింది, ఇంకా వంగి పనిచేస్తే కాళ్లు రెండూ పడిపోతాయి. భాగీరథికి ఇంకా ముప్పై నిండలేదు. వంగకుండా తోట ఎలా సాగుతుంది? తోట లేకుండా ఇల్లెలా గడుస్తుంది?

అప్పటినుంచి విరూపాక్షకు ఒకటే పిచ్చి పట్టింది. నిలబడి కలుపు తీసే పనిముట్టు తయారు చేయాలి. దుకాణంలో పారేసిన పిల్లల సైకిలు చక్రం తెచ్చాడు. దానికి వెనక రెండు పొడుగాటి పిడులు, చక్రం వెంట నేలను గీకే బ్లేడు బిగించాడు. మొదట చేసింది మట్టిలో దిగబడి కదల్లేదు. బ్లేడు వెడల్పు పెంచితే కలుపుతో పాటు మిరప మొక్కల్నీ కోసుకుంటూ పోయింది. తగ్గించి మళ్లీ చేశాడు. ఈసారి నడిచింది గానీ, సాయంత్రానికి భాగీరథికి భుజాలు లేవలేదు.

"నీ ఎత్తుకు చేసుకున్నవ్," అంది ఆమె. "నేను నీ అంత ఉన్ననా? నన్ను ఒక్కసారన్న నిలబెట్టి చూసినవా?"

అతనికి సిగ్గేసింది. దుకాణంలో అందరికీ సీటు ఎత్తు చూసి బిగించే మనిషి, ఇంట్లో ఆ సంగతే మరిచిపోయాడు. ఆమెను గోడకు నిలబెట్టి మోచేతి ఎత్తు చూసుకుని పిడులు కోశాడు. ఇక బ్లేడే సమస్య. రేకు ఊరికే వంగిపోతోంది. అటక మీద తండ్రి చెన్నబసప్ప నాటి నాగలి కర్రు కనపడింది. మంచి ఇనుము. కమ్మరి రామచందర్ దగ్గర దాన్ని సాగగొట్టించి తెచ్చాడు. తల్లిని అడగాలని మాత్రం అతనికి తోచలేదు.

ఆ పొద్దున చాయ్ తాగాక దాన్ని తోటలోకి తెచ్చాడు. భాగీరథి పిడులు పట్టుకుని తోసింది. తుంగ గడ్డలతో సహా లేచి పక్కన పడింది. సాలు చివరిదాకా నడుము వంచకుండా పోయి ఆమె వెనక్కి తిరిగింది. ఆ ముఖం చూసి విరూపాక్షకు కళ్లు చెమర్చాయి.

అప్పుడే మహాదేవమ్మ వచ్చింది. వంగిన మనిషి కాబట్టి ముందు ఆమె కంటపడింది బ్లేడే.

"ఈ ఇనుము ఏడిదిరా?"

"నాయిన కర్రు అవ్వా. అటక మీద ఊకెనే పడి ఉండె."

మహాదేవమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "చెయ్యి తియ్యవే దాని మీదికెళ్లి. ఆడది నాగలి ముడుతదా?"

"ఇది నాగలి కాదు అత్తమ్మా," అంది భాగీరథి.

"కర్రు ఉన్నంక నాగలే."

"దాని కాళ్లు పోతయని డాక్టరు చెప్పిండవ్వా," అన్నాడు విరూపాక్ష. "నీకు ఇనుము ఎక్కువనా, మనిషి ఎక్కువనా?"

మహాదేవమ్మ వచ్చి చక్రానికి అడ్డంగా సాలులో కూర్చుంది. "తోస్తె నా మీదికెళ్లి తోసుకుంట పోన్రి."

భాగీరథి పిడులు వదల్లేదు. "నీ లెక్కనే నేలను చూసుకుంట బతకాల్నా నేను? గదేనా నీ కోరిక?"

అనేశాక నాలుక కరుచుకుంది గానీ, మాట తగలాల్సిన చోట తగిలింది. విరూపాక్ష విసురుగా సైకిలెక్కి దుకాణానికి వెళ్లిపోయాడు. భాగీరథి పిడులు వదిలేసి, కుర్పీ తీసుకుని గొంతుకూర్చుంది. అది పని కాదు, పంతం. ఎండ నెత్తికెక్కేదాకా తలెత్తకుండా తీసింది. లేవబోతే కాళ్లు రాలేదు. గిల్లి చూసుకుంది. తెలియలేదు.

"అత్తమ్మా, నా కాళ్లు," అంది.

మహాదేవమ్మ పరుగెత్తుకొచ్చి ఆమె చంకల కింద చేతులు వేసి లేపబోయింది. తన నడుమే లేవని మనిషి, ఇంకొకరిని ఏం లేపుతుంది? ఇద్దరూ మట్టిలో పడ్డారు. మహాదేవమ్మ పక్క చేనులోని నాగవ్వను కేకేసింది. బండి కట్టించుకుని వస్తానని నాగవ్వ ఊళ్లోకి పరుగెత్తింది. మహాదేవమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుంది.

"నీ మీద పగ కాదు బిడ్డా. మీ మామకు జెరం ఉండె. వాన పడ్డది, నేల పదును పోతదని నేనే నాగలి పట్టిన. గదే కర్రు. నెల తిరగలే, మనిషి పోయిండు. నాగలి పట్టి మొగుణ్ణి మింగిందని ఊరంత నన్ను అన్నరు. నీ చెయ్యి దాని మీద చూసేసరికి నా కొడుకు పాడె కండ్లల్ల మెదిలింది."

భాగీరథి నొప్పిలోనే తలెత్తి చూసింది. ఇన్నేళ్లూ తనను సాధిస్తోందనుకున్న మనిషి, ఇంత బరువు మోస్తోందా?

"జెరం వచ్చినంకనే గద అత్తమ్మా నువ్వు నాగలి పట్టింది," అంది మెల్లగా. "జెరంతోనే పోయిండు మామ. నీ చేతితోని కాదు."

ఇన్నేళ్లలో ఆ ఒక్క మాట మహాదేవమ్మతో ఎవరూ అనలేదు.

కాళ్లు పూర్తిగా పోలేదని డాక్టరు చెప్పాడు. కదలకుండా పడుకుంటే లేస్తుందన్నాడు, మళ్లీ వంగితే మాత్రం తన దగ్గరికి రావద్దన్నాడు. భాగీరథి మంచం పట్టింది. ఒంటికీ రెంటికీ అత్తే ఎత్తిపోసింది. తోటలో తుంగ మోకాలెత్తు లేచింది, మిరప పండుబారి రాలిపోయింది. ఇక తోట ఎవరికైనా కౌలుకిచ్చేద్దామని విరూపాక్ష అనేవాడు.

గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పొద్దున భాగీరథికి తోటలో చక్రం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. మెల్లగా బయటికి వచ్చింది. మహాదేవమ్మ పిడులు పట్టుకుని తోస్తోంది. అవి భాగీరథి ఎత్తుకు కోసినవి. వంగిన మనిషికి తల మీదుగా పోయాయి. చేతులు పైకి చాచి వేలాడుతున్నట్టు తోస్తోంది. చక్రం జానెడు కూడా కదలడం లేదు.

విరూపాక్ష పరుగెత్తాడు. "ఏం చేస్తున్నవవ్వా?"

"నేనే తీస్త కలుపు. పాపం తగిలితె నాకే తగలని," అంది రొప్పుతూ. "పోయేటందుకు నాకింక మొగుడు లేడు."

భాగీరథి దగ్గరికి వచ్చి ఆ చేతుల పక్కనే తన చెయ్యి వేసింది. మహాదేవమ్మ ఆ చెయ్యి తీసేయబోయి, తీయలేకపోయింది.

"ఇయ్యి అత్తమ్మా. నిలబడి తీస్త. నీ కొడుకు ఏడికి పోడు."

మహాదేవమ్మ పిడులు వదిలింది. తిన్నగా వెళ్లి కొడుకు మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. "ఇయ్యాల దుకాణానికి పోకు," అంది. అతను సరేనని పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

భాగీరథి అడుగులో అడుగు వేస్తూ తోసింది. మహాదేవమ్మ అటు చూడనే లేదు. మెడ పట్టేస్తున్నా తల పైకెత్తి, సాలు అయిపోయేదాకా కొడుకు ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"అయిపోయింది అత్తమ్మా," అంది భాగీరథి చివర నిలబడి.

"ఉన్నడు," అంది మహాదేవమ్మ. "నా కొడుకు ఉన్నడు బిడ్డా." అని భోరున ఏడ్చేసింది.