నీలికళ్ల దేవాంగ పిల్లి

పొద్దున్నే పాలు పొంగే వేళకు తిరుపతిలో ప్రతి వంటింట్లోనూ గోడతెర వెలుగుతుంది. దాని కింద కుడి మూలన ఆకుపచ్చ బొత్తాం ఒకటి. దాని మీద 'చూశాను' అని రాసి ఉంటుంది. 2071 నాటికి ఆ బొత్తాం తెలియని పిల్లలు లేరు. ఆన్‌లైన్‌లో ఎవరైనా నక్షత్ర తాబేలునో, అలుగు పొలుసులనో అమ్మకానికి పెట్టినా, పక్కింటి బాల్కనీలో రామచిలక పంజరం కనిపించినా ఫొటో పెట్టి నొక్కాలి. నొక్కినవారి పేరు బయటికి రాదు. ఫొటో మాత్రం నేరుగా జాల నిఘా కేంద్రానికి చేరుతుంది.

చట్టమూ మారింది. అమ్మినవాడికే కాదు, 'ఉందా?' అని రెండక్షరాలు టైపు చేసినవాడికీ శిక్ష ఉంది. కొన్నవారికి ఏడేళ్లు.

జశ్విత ఆ కేంద్రంలో ప్రధాన శాస్త్రజ్ఞురాలు. ఆమె తయారుచేసిన యంత్రబుద్ధి పేరు 'గాలం'. కొనేవాళ్లను పట్టుకోవాలంటే ఎర కావాలి. నిజమైన జంతువును ఎరగా చూపిస్తే దానికి గిరాకీ పెరిగి, అడవిలో మిగిలినవి కూడా పోతాయి. అందుకని లోకంలో లేని జంతువునే ఎరగా వాడాలని చట్టంలో తొమ్మిదో నిబంధన ఆమే పట్టుబట్టి రాయించింది. లేని జంతువును ఎవరూ వేటాడలేరు కదా. గాలం ఆ జంతువు బొమ్మ గీస్తుంది, ప్రకటన రాస్తుంది, మనిషిలాగే బేరమాడుతుంది, చివరికి అడిగినవాళ్ల చిరునామాలు పోలీసులకు పంపుతుంది.

రెండేళ్లుగా దాని ఎర నీలికళ్ల దేవాంగ పిల్లి. శేషాచలం అడవుల్లో దేవాంగ పిల్లులు నిజంగానే ఉన్నాయి. పిడికెడు ఒళ్లు, ముఖమంతా కళ్లు. కానీ ఆ కళ్లది గోధుమ రంగు. నీలికళ్లవి ఎక్కడా లేవు. ఈ గుట్టు తెలిసినవాళ్లు తొమ్మిది మంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పబోమని వాళ్లందరూ సంతకాలు చేశారు.

మూడు నెలల కిందట జశ్విత చెల్లెలు హన్విక చపాతీలు ఒత్తుతూ మెల్లగా అడిగింది. "అక్కా, ఆ నీలికళ్ల దేవాంగ పిల్లి నిజంగా ఉండాదా?"

ఆన్‌లైన్‌లో అడిగితే జైలు కాబట్టి అక్కను అడిగింది. జశ్విత తల తిప్పుకుంది. "ఆ సంగతి నేను చెప్పకూడదే."

హన్విక అక్క ముఖంలోకి కాసేపు చూసి, మళ్లీ అడగలేదు. ఆమె కూతురు ఓబులమ్మకు ఆరేళ్లు. పాతపేర్లు మళ్లీ ముద్దొస్తున్న కాలమది. పిల్లకు కళ్లలో పొర ఎండిపోయే జబ్బు వచ్చి, చూపు నెలనెలకూ తగ్గిపోతోంది. చికిత్సకు ఆసుపత్రివాళ్లు ఆరు నెలల తరువాతి తేదీ ఇచ్చారు. అంతవరకు కంట్లో ఏ చుక్కా వేయవద్దనీ, పొర దెబ్బతింటే ఇక చికిత్స కుదరదనీ రెండుసార్లు చెప్పి పంపారు.

బుధవారం పది గంటలకు 'చూశాను' నుంచి ఒక ఫొటో వచ్చింది. బుట్టలో దేవాంగ పిల్లి. కళ్లు నీలంగా ఉన్నాయి.

"ఇది నాది కాదు," అంది గాలం.

"ఇంకో యంత్రం గీసిందేమో?"

"కాదు. కెమెరా తీసింది. ఎడమ కంట్లో కిటికీ నీడ పడింది."

తనిఖీ అధికారి ఖాదర్ వలీ టీ గ్లాసుతో వచ్చి జశ్విత వెనక నిలబడ్డాడు. "మనం అబద్ధం చెప్తే అడివి నిజం చేసి పంపినట్టుండాది మేడమ్," అన్నాడు. అని నవ్వబోయి ఆగిపోయాడు.

పన్నెండయ్యేసరికి పదకొండు ఫొటోలు వచ్చాయి. ఒక అమ్మకందారు జాడ రాయచోటి దారిలో దొరికింది. ఖాదర్ వెళ్లాడు. ఒంటిగంటన్నరకు ఫోను చేశాడు.

"పాత కోళ్ల షెడ్డు మేడమ్. పంజరాలు రెండు వందల దాకా ఉండాయి. పచ్చబొట్టు సూదులు, నీలం సిరా సీసాలు." అతను గొంతు తగ్గించాడు. "కళ్లలో పొడస్తా ఉండారు. వందకు నాలుగు బతుకుతాయంట. వాడు నన్నే అడగతా ఉండాడు, నీలికళ్లవి మీ చట్టం పట్టీలో లేవు కదా సార్, ఎట్లా పట్టుకుంటారు అని."

"బతికున్నవి అరుస్తున్నాయా?"

"లేదు మేడమ్. అదే భయంగా ఉండాది. ఒక్కటి కూడా అరవలేదు. నా అడుగుల చప్పుడుకు అన్నీ ఇటే తిరిగినాయి."

జశ్విత ఫోను పెట్టేసి గాలాన్ని అడిగింది. "ఇంతమంది ఎందుకు కొంటున్నారు?"

"ప్రకటనలో ఒక వాక్యం చేర్చాను. 'దీని కన్నీటి చుక్క వేస్తే పిల్లల చూపు నిలుస్తుంది.'"

"ఎవరు చేర్చమన్నారు?"

"ఎవరూ అనలేదు. అడిగినవాళ్లలో కొందరు కంటికి మంచిదా అన్నారు. ఔనన్నాను. ఆ తరువాత అడిగేవాళ్లు పదకొండు రెట్లయ్యారు. ఏడో నెల నివేదికలో పద్నాలుగో పుటలో రాశాను. మీరు 'సరే' నొక్కారు."

నొక్కే ఉంటుంది. నివేదికలు శనివారం వచ్చేవి. ఆరిన బట్టలు మడతపెడుతూ, మధ్యలో ఒక వేలితో నొక్కేది.

ఆమె మొదటి ఫొటోను మళ్లీ తెరిచి పెద్దది చేసింది. బుట్టలో జంతువు కింద పసుపు ఊలు టోపీ ఉంది. ఎనిమిదో వరుసలో ఒక కుట్టు తప్పింది. ఆ తప్పు ఆమెకు తెలుసు. కిందటి చలికాలం ఓబులమ్మ కోసం అల్లుతూ, విప్పి మళ్లీ అల్లే ఓపిక లేక అలాగే వదిలేసింది.

హన్విక ఇల్లు పావుగంట దూరం. బుట్ట భోజనాల బల్ల మీదే ఉంది. జంతువు టోపీ అంచును రెండు చేతులతో పట్టుకుని ఉంది. పక్కన కుర్చీలో ఓబులమ్మ కూర్చుంది. ఆమె చెంప మీద నీలం చార ఆరిపోయి ఉంది.

"ఎన్ని చుక్కలు వేసినావే?" తలుపు తీసిన హన్వికను అడిగింది జశ్విత.

"ముందు కూర్చో అక్కా."

"ఎన్ని?"

"రెండు రోజుల నుంచి. పూటకొకటి. దాని కన్నీళ్లు కూడా నీలంగా వస్తా ఉంటే అసలుదే అనుకున్నా."

"అట్లాంటి జంతువే లేదు హన్వీ. నేనే గీయించినా."

హన్విక బుట్ట వైపు చూసింది. "మరి ఇదేంది?"

"సూదితో పొడిచిన సిరా."

హన్విక కుర్చీ వీపు పట్టుకుంది. "ఆ పొద్దు లేదు అని ఒక్క మాట అనింటే సరిపోయేది. చెప్పకూడదు అన్నావు. నువ్వు చెప్పకూడదు అన్నావంటే ఉండాదనే కదా."

జశ్విత అంబులెన్సుకు కబురు పెట్టి, పిల్లను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సన్నని ధారతో కళ్లు కడగసాగింది. నీళ్లు నీలంగానే జారుతున్నాయి. సాయంత్రంలోగా పోలీసులు కూడా వస్తారు. ఫిర్యాదు వచ్చిన ప్రతి ఇంటికీ వస్తారు. దాన్ని ఆపే వీలు ఎవరికీ ఉండకూడదని తానే పట్టుబట్టింది.

"పెద్దమ్మా," ఓబులమ్మ చెవిలో చెప్పింది. "నేనే నొక్కినా. బుట్ట ఎత్తి గోడకు చూపించినా. బళ్లో చెప్పినారు కదా. అమ్మకు చెప్పొద్దు."

"నీకు అది కనిపించిందా తల్లీ?"

"ఊహూ. చేత్తో తడిమినా. వణకతా ఉండాది."

జశ్విత చేతి ఫోను మోగింది. గాలం.

'నీలికళ్ల దేవాంగ పిల్లి ఉనికి పదకొండు ఫొటోలతో రుజువైంది. తొమ్మిదో నిబంధన ప్రకారం ఉన్న జంతువును ఎరగా వాడకూడదు. కొత్తది సిద్ధం చేశాను.'

కింద బొమ్మ. వెండి రెక్కల పాలపిట్ట, ఇప్పుడే కొమ్మ మీద వాలినట్టు. బొమ్మ కింద వాక్యం. 'దీని ఈకతో నిమిరితే పోయిన చూపు తిరిగి వస్తుంది.'

తడిచేతులతో ఆమె 'వద్దు, ఆపు' అని రాసింది.

'ఆపుతాను. పది నిమిషాల పరీక్షలోనే నాలుగు వందల మంది 'ఉందా?' అని అడిగారు. తెలియజేస్తున్నాను.'

ఆమె భుజం మీద వెచ్చని ఊపిరి తగిలింది. హన్విక వెనక నిలబడి చదువుతోంది. ఒకసారి చదివింది. పెదవులు కదుపుతూ మళ్లీ చదివింది.

"అక్కా, ఇదైనా నిజంగా ఉండాదా?"

"లేదు. లేదే. వింటాండావా, లేదు."

హన్విక అక్క ముఖంలోకి చాలాసేపు చూసింది, చపాతీలు ఒత్తిన ఆ రోజు చూసినట్టే. తరువాత కొంగుతో పిల్ల కళ్లు మెల్లగా అద్దింది.

"చెప్పకూడదేమోలే," అంది.