రెండో నంబరు బోల్టు

"రేపు సాయంత్రం నాలుగింటికి ఒకమ్మాయి తల పేలిపోతుంది. ఎవరిదో తెలుసు, ఎందుకో తెలుసు. ఎలాగో తెలియదు. అది కనిపెట్టాల్సింది నువ్వు," అంది ఆడ్రీ మెక్విల్లన్.

వెల్లింగ్టన్ గాలి కిటికీ అద్దాల్ని ఊపేస్తోంది. మతియూ కెరేపా కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పదకొండేళ్ళుగా అనుమానించడమే అతని ఉద్యోగం.

"అమ్మాయి ఎవరు మేడమ్?"

"నైరీ టకావా. సైన్యంలో రైఫిళ్ళు పరీక్షించేది ఆమే. టోర్‌విక్ అనే కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొనాలని చూస్తున్నాం. మూడు నమూనాలు వచ్చాయి. పదహారు రోజులుగా మంచులో, బురదలో కాలుస్తోంది. రేపు కొనుగోలు కమిటీ ముందు ఆఖరి ఐదు తూటాలు. దానికి ఏం చేస్తారో తెలియదుగాని, కమిటీ కళ్ళముందే రైఫిల్ పేలితే టోర్‌విక్ పని అయిపోయినట్టే. అప్పుడు మనం కొనేది ఇంకో రైఫిల్. దాని స్కోప్‌లో ఒక గూఢచారుల ముఠా ట్రాన్స్‌మిటర్ పెట్టింది. మన సైనికుడు ఎక్కడ పడుకున్నాడో శత్రువుకి చెబుతూ ఉంటుంది."

"అయితే రేపటి పరీక్ష రద్దు చేసెయ్యండి."

"చేస్తే మనకి కబురందిందని ముఠాకి తెలుస్తుంది. కబురు పంపింది ముఠాలోనే ఉన్న మన మనిషి. మారుపేరు ఫెర్న్. ఆడో మగో కూడా నాకు తెలియదు. రేపు కాల్పుల రేంజ్‌లోనే ఉంటారు. నిన్ను కలిసి మటన్‌బర్డ్, అదే ఆ ఉప్పులో ఊరేసే సముద్రపక్షి, ఉందా అని అడుగుతారు. ఉప్పు ఇంకా దిగలేదని నువ్వనాలి."

"నేనక్కడ ఎవర్ని మేడమ్?"

ఆడ్రీ మొదటిసారి నవ్వింది. "వంటవాడివి."

సెంట్రల్ ఒటాగోలో, పాత గొర్రెల ఫారం వెనక లోయలో ఉంది ఆ రేంజ్. మర్నాడు మధ్యాహ్నమైనా గడ్డి మీద మంచు కరగలేదు. మతియూ గమ్‌బూట్లు, ఉన్ని టోపీ, పిండి అంటిన ఏప్రన్‌తో పొయ్యి ముందు నిలబడ్డాడు. గరిటె పిడిలో రేడియో, థర్మాస్ మూతలో భూతద్దం. మాంసం కూరి కాల్చిన పైలు మాత్రం నిజంగా అతనే చేశాడు. అందుకు గర్వపడుతున్నాడు కూడా.

నైరీ తలుపు తన్నుకుని లోపలికొచ్చింది. వస్తూనే చేతుల్లోని రెండు రైఫిళ్ళ బోల్టులు పీకి జాకెట్ జేబుల్లో వేసుకుంది. రెండో నంబరుది ఎడమ జేబులో, మూడోది కుడి జేబులో. తూటా పేలినప్పుడు ఆ పోటు వెనక్కి రాకుండా బిగించి పట్టే ఉక్కు గడియ బోల్టు. రైఫిల్ కింద పెట్టే ముందు బోల్టు తీసి జేబులో వేసుకోవడం ఇక్కడివాళ్ళకి చిన్నప్పుడే అలవాటైపోతుంది. ఇంటికెళ్ళి చూసుకుంటే తాళాలతోపాటు బోల్టు కూడా బయటపడుతుంది.

"అన్నా, పైలు తినడానికేనా, గురి చూసి కొట్టుకోవడానికా?" అంది నైరీ.

"తిని చూడు తల్లీ. పళ్ళు మిగిలితే అప్పుడు మాట్లాడు."

ఆమె విరగబడి నవ్వి, జాకెట్ తీసి హీటర్ పక్క కొక్కేనికి తగిలించింది. బోల్టు జేబులో ఉందంటే భద్రంగా ఉన్నట్టేనని ఆమె లెక్క. ఆ జేబు ఇప్పుడు గోడకి వేలాడుతోందన్న ధ్యాసే లేదు. నిజం చెప్పాలంటే మతియూకీ లేదు. అతనూ ఇక్కడివాడే కదా.

హీటర్ దగ్గర ఇద్దరు కూర్చున్నారు. ఒకరు టోర్‌విక్ కంపెనీ తరఫున వచ్చిన వెరోనిక్ సాండోర్. తెల్లకోటు, ఎర్రటి పెదాలు, బురదలో కూడా మడమల బూట్లు. ఆవిడ ఒక్క పైని కూడా ముట్టలేదు. నైరీనే చూస్తోంది.

"కమిటీ ముందు ఏ రైఫిల్‌తో కాలుస్తారు?" అడిగింది వెరోనిక్.

"ఒకటో దాన్ని బురదలో పాడుచేశాను. రెండా మూడా ఇంకా అనుకోలేదు. ఎందుకు, పందెం కాశారా?"

"ఊరికే అడిగాను."

ఊరికే అడిగినవాళ్ళు జవాబు కోసం అంత ఆత్రంగా చూడరని మతియూ అనుకున్నాడు.

రెండోవాడు రేంజ్ ఆఫీసర్ గ్రెగ్ హాల్‌స్టెడ్. ముప్ఫై ఏళ్ళు ఫియోర్డ్‌లాండ్ అడవుల్లో జింకల్ని వేటాడానని కనపడ్డవాళ్ళందరికీ చెబుతాడు. మూడు పైలు లాగించి, టీ కప్పుతో పొయ్యి దగ్గరికొచ్చాడు.

"ఏమయ్యా వంటాయనా, మటన్‌బర్డ్ ఉందా?"

మతియూ గరిటె ఆగింది. "ఉప్పు ఇంకా దిగలేదు."

హాల్‌స్టెడ్ గొంతు తగ్గించాడు. "మూడోది చూడు. బోల్టుకి పగులుంటుంది. ఆ తెల్లకోటావిడ పనే. దాన్ని నేను పక్కన పెట్టిస్తాను. నువ్వు ఆవిడ మీద కన్నేసి ఉంచు."

సామాను సర్దే నెపంతో మతియూ జాకెట్ కుడి జేబులోంచి మూడో బోల్టు తీసుకుని థర్మాస్ మూత కింద పెట్టి చూశాడు. వెంట్రుకంత పగులు స్పష్టంగా కనిపించింది. ఊపిరి పీల్చుకున్నాడు. గరిటె నోటి దగ్గర పెట్టుకుని, "ఫెర్న్ దొరికాడు. మూడోది తీసేస్తున్నాం," అన్నాడు. దొరికింది కదా అని వెతకడం మానేశాడు. ఈ ఉద్యోగంలో చచ్చినవాళ్ళలో సగంమంది చేసిన తప్పు అదే.

నాలుగింటికి కమిటీ వచ్చింది. నలుగురు పెద్దమనుషులు దుర్భిణులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. నైరీ రెండో నంబరు రైఫిల్ వెనక చాప మీద బోర్లా పడుకుని, చెవులకి కప్పులు బిగించుకుంది. ఎనిమిది వందల మీటర్ల దూరంలో తెల్లటి పలక. వెరోనిక్ ఆమె పక్కనే నిలబడింది. మతియూ ట్రేతో టీ పంచుతూ ఆవిడ చేతుల్నే గమనిస్తున్నాడు.

పక్కన పెట్టిన మూడో రైఫిల్‌ని హాల్‌స్టెడ్ తన పికప్ బండి సీటు మీద పడేసి, అక్కడే ఆగిపోయాడు. రేంజ్ ఆఫీసర్ కాల్చేవాళ్ళ భుజం దగ్గర ఉండాలి. ఈయన నలభై గజాల అవతల ఉన్నాడు.

టీ ఇవ్వడానికి మతియూ పికప్ దాకా వెళ్ళాడు. కిటికీలోంచి సీటు మీది రైఫిల్ కనపడింది. బోల్టు దానిలోనే ఉంది.

ముప్ఫై ఏళ్ళు అడవుల్లో తిరిగినవాడు రైఫిల్‌ని బండిలో పెడుతూ బోల్టు తీయలేదు. ఇక్కడ పుట్టినవాడైతే నిద్రలో కూడా తీసేవాడు. వీడు ఇక్కడివాడే కాదు. ఫియోర్డ్‌లాండ్ అబద్ధం. అయితే ఫెర్న్ కూడా అబద్ధమే. హీటర్ పక్క వేలాడిన జాకెట్, దాని రెండు జేబులు కళ్ళముందు కదిలాయి. మూడోదానికి పగులు పెట్టింది వీడే. అందరూ దాన్ని చూస్తూ రెండోదాన్ని వదిలేయాలని.

"కాల్చవచ్చు!" హాల్‌స్టెడ్ గొంతు మైకులో మోగింది.

ట్రే గాల్లోకి లేచింది. మతియూ పరిగెత్తాడు. "ఆపు! నైరీ, ఆపు! రెండోదే!"

చెవులకి కప్పులు, పైగా ఎదురుగాలి. నైరీ వినలేదు. సగం ఊపిరి వదిలి బిగబట్టింది. వేలు ట్రిగ్గర్ మీద వంగుతోంది. ఆ దూరం తను దాటలేనని మతియూకి తెలిసిపోయింది. ఆ క్షణంలో అతనికి కలిగింది భయం కాదు, సిగ్గు.

వెరోనిక్‌కి మాత్రం వినపడింది. మోకాళ్ళ మీద పడి, తెల్లకోటు చేతిని స్కోప్ అద్దానికి అడ్డం పెట్టేసింది.

నైరీకి లోకం చీకటైపోయింది. వేలు తీసేసింది. "ఎవరే అది! ఒళ్ళు విరుచుకోవాలంటే అవతలికెళ్ళి విరుచుకో!"

"బోల్టు తియ్యమ్మా. మెల్లగా తియ్యి," అంది వెరోనిక్. ఏడుస్తోంది.

మతియూ రొప్పుతూ వచ్చి భూతద్దం పెట్టాడు. బోల్టు మీద నంబరు రెండే. కాని వందల తూటాలు కాల్చిన బోల్టుకి అరిగిన మెరుపుండాలి. దీనికి లేదు. ముందు కొసన బిగించి పట్టే రెండు పళ్ళూ మొదట్లో దాదాపు తెగేదాకా రంపంతో కోసి, నల్లరంగు పూసి ఉన్నాయి. ఒక్క తూటా పేలితే ఆ ఉక్కుముక్క తిన్నగా నైరీ కుడికంట్లోకి వచ్చేది.

"కదలకండి!"

హాల్‌స్టెడ్ పికప్ వదిలి నాలుగడుగుల దూరానికి వచ్చేశాడు. చేతిలో మూడో రైఫిల్ ఉంది. తూటా ఎక్కించి గురి చూస్తున్నాడు. కమిటీ పెద్దలు టీ కప్పులతో సహా గడ్డిలో పడుకున్నారు.

మతియూ లేచి అతనివైపే నడిచాడు. "కాల్చు."

"ఇంకో అడుగు వేశావంటే..."

"కాల్చవయ్యా బాబూ. ఆ బోల్టుకి పగులు పెట్టిన చేత్తోనే కాల్చు. ఏం, కన్ను మీద తీపా?"

హాల్‌స్టెడ్ చెంప రైఫిల్ నుంచి అంగుళం వెనక్కి జరిగింది. ఆ అంగుళం చాలు. మతియూ ఏప్రన్‌లోంచి గరిటె లాగి, పిడితో మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. మిగతాది నైరీ చూసుకుంది. అతన్ని నేలకేసి కొట్టి, వీపు మీద కూర్చుని, జేబులు తడిమి తన అసలు బోల్టు బయటికి తీసింది.

"ఫెర్న్‌ని నేనే. నాకు ఏ సంకేతమూ అందలేదు," అంది వెరోనిక్. "మీరు పంపిన ఉత్తరం వీడి చేతిలో పడింది కాబోలు. మనిషెవరో తెలియదు, మాట తెలియదు. ఏ రైఫిలో కూడా ముఠా నాకు చెప్పలేదు. పొద్దుట్నుంచీ చచ్చిపోతున్నాను."

"నేను మిమ్మల్ని అరెస్టు చేయిద్దామనుకున్నాను," అన్నాడు మతియూ.

"చేయించండి. ఇప్పుడు నాకు జైలే క్షేమం."

"జైలెందుకు, మా అమ్మ దగ్గరికి పదండి," అంది నైరీ, హాల్‌స్టెడ్ మీంచి దిగకుండానే. "మా ఇంట్లోకి రావాలంటే ఏ ముఠాకైనా ఆవిడే ముందు తగులుతుంది."

తన బోల్టు తిరిగి ఎక్కించుకుని నైరీ ఐదు తూటాలూ కాల్చింది. ఐదూ అరచేతిలో పట్టేంత చోట దిగాయి. మర్నాడు ఆమె రిపోర్టు వెల్లింగ్టన్ చేరింది. ఆడ్రీ సంతకం పెట్టబోయి, ఒక వరస దగ్గర ఆగి రెండోసారి చదువుకుంది.

"గురి: అద్భుతం. రెండో రైఫిల్: కొనవచ్చు. మూడో రైఫిల్: కాల్చడానికి అవకాశమిచ్చినా రేంజ్ ఆఫీసర్‌గారు నిరాకరించారు."