మూడో అంతస్తు మెట్ల మీద నాన్న

"నూట డెబ్బై ఎనిమిది!" బీపీ మిషన్ పట్టీ నాన్న చేతి నుంచి విప్పుతూ విసుక్కుంది కూతురు. "మళ్ళీ ఉప్పు కలుపుకున్నావు కదూ?"

"నీ వంటలో ఉప్పు వెతకాలంటే భూతద్దం కావాలి," అన్నాడాయన కిటికీలోంచి చూస్తూ.

ఆమెది మందుల షాపులో ఉద్యోగం. మహమ్మారి వచ్చి ఊరంతా తలుపులేసుకున్నా ఆ షాపు మాత్రం మూతపడలేదు. డెబ్బై ఏళ్ళ నాన్న ఏడు నెలలుగా గడప దాటలేదు. కరెంటు లైన్‌మన్‌గా ముప్పై ఆరేళ్ళు స్తంభాలెక్కిన మనిషి. డాక్టరు ఫోన్లోనే మాత్రలు ఒకటి నుంచి మూడు చేశాడు. అయినా బీపీ దిగిరావడం లేదు. ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నా ఎందుకిలా అని ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"బయట అడుగు పెట్టావంటే ఊరుకోను," అని రోజూలాగే చెప్పి వెళ్ళింది.

ఆ రోజు సరుకు రాక షాపు తొందరగా మూసేశారు. మధ్యాహ్నం లిఫ్టులో జనం ఉంటారని నాలుగో అంతస్తులోని ఇంటికి మెట్లెక్కి వస్తుంటే, మూడో అంతస్తు దగ్గర రెయిలింగ్ పట్టుకుని రొప్పుతూ కనిపించాడు నాన్న. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది.

"ఏం పని నాన్నా ఇది? రెండో అంతస్తు టీచరమ్మకి జ్వరమని చెప్పానా లేదా? నీ బీపీకి అది తోడైతే ఇంకేమైనా ఉందా?"

"ఊపిరాడక మాస్కు ఇప్పుడే దించాను."

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ దొంగ వ్యవహారం?"

"ఇవాళే. దిగడం బాగానే దిగాను. ఎక్కబోతే కాళ్ళు మొరాయించాయి." "మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. మాత్రలు పెంచారు, ఉప్పు తగ్గించారు. ఈ ముసలాణ్ణి నాలుగడుగులు నడిపిద్దామని ఒక్కరికైనా తోచిందా?"

ఫ్యాంటు కాస్త పైకి లాగి చూపించాడు. రాయిలా ఉండే పిక్క వదులుగా వేలాడుతోంది.

ఆమె ఆ పిక్క వైపు చూసింది. షాపుకొచ్చే పెద్దవాళ్ళకి మాత్రలిచ్చి, "రోజూ అరగంట నడవండి" అని చెప్పి పంపేది తనే. రెండు మెట్ల కింద కూలబడిపోయింది.

"జబ్బు తెస్తే నేనే తేవాలి నాన్నా. రోజంతా దగ్గేవాళ్ళ మధ్యే ఉంటాను. ఉద్యోగం మానలేను. అందుకే నిన్నైనా కదలకుండా కూర్చోబెడదామనుకున్నాను," అంటూ ఏడ్చేసింది.

"ఆ మాట ముందే చెప్పుంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదే, పిచ్చితల్లీ!"

సాయంత్రం డాక్టరుకు ఫోన్ చేసింది. మెట్లు వద్దు, చదునుగా ఉన్నచోట నెమ్మదిగా నడవమనండి, కళ్ళు తిరిగితే ఆపేయమనండి, అన్నాడాయన. మర్నాడు ఎవరూ లేవకముందే, మాస్కులు పెట్టుకుని, తండ్రిని లిఫ్టులో డాబా మీదికి తీసుకెళ్ళింది. మూడో చుట్టుకే ఆయన పిట్టగోడకు చేయి ఆన్చి నిలబడిపోయాడు. 'ఇక చాలు, దిగుదాం' అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"అయితే కాసేపాగి ఇంకో చుట్టు వేద్దామా?"

ఆయన మొహం అటు తిప్పుకుని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"నీకు అలసటైతే చెప్పు," అంటూ అడుగు ముందుకేశాడు.