బావ మీద పడ్డ ముద్ర

"ఇతను అతివాదా, విప్లవవాదా? ముందు అది తేల్చండి!" చీఫ్ బల్ల గుద్దాడు.

బ్రీఫింగ్ రూమ్‌లో ఆఫీసర్లు పొద్దుటి నుంచీ అదే తేలుస్తున్నారు. మూలన కూర్చున్న సీక్రెట్ ఏజెంట్‌కి తల వాచిపోయింది. చప్పుడు లేకుండా నడుస్తాడని అతన్ని అందరూ పిల్లి అంటారు. వాళ్లు తేలుస్తున్నది అతని బావ గురించి. అక్క మొగుడు, వాటర్ వర్క్స్‌లో కెమిస్టు. కిందటేడు సమ్మె చేయించాడని డిపార్ట్‌మెంట్ అతని మీద ముద్ర వేసింది. ముద్ర పడ్డవాడు ఫోన్ చేస్తే, అతను ఏ వాదో ఈ ఆఫీసర్ల కమిటీ తేల్చనిదే ఎవరూ కదలకూడదు. అది రూలు.

బావ పొద్దున్నే ఫోన్ చేశాడు. "క్లోరిన్ గదిలో ఎవరో కొత్త సిలిండర్లు దించారు. అది క్లోరిన్ కాదు, విషం. మధ్యాహ్నం ఊరికి నీళ్లు వదిలేలోపు మనుషుల్ని పంపండి."

"పోనీ, అరాచకవాది అనుకోవచ్చు కదా?" అంది మేడమ్ తీయగా. పట్టుచీర, ముత్యాల దుద్దులు. ఎవరు ఏ వాదో చెప్పడానికి డిపార్ట్‌మెంట్ ఏరికోరి తెచ్చుకున్న నిపుణురాలు. చర్చ చల్లబడినప్పుడల్లా ఆవిడ ఇంకో వాదం అందిస్తోంది.

ఆవిడ తన పక్కనుంచి వెళ్లినప్పుడు పిల్లి వాచీలో ముల్లు వణికింది. దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ ఉంటేనే అది వణుకుతుంది. పిల్లి లేచి ఆవిడ దుద్దు లాగేశాడు. లోపల సన్నటి వైరు!

మేడమ్ తొణకలేదు. "మిమ్మల్ని కూల్చడానికి మావాళ్లకి సైన్యం దేనికి? ఇంకో గంట వాదించుకోండి, చాలు."

పిల్లి కారు దూకించాడు. పంపుహౌస్ గుమ్మంలో మెకానిక్ వేషంలో ఉన్న విదేశీ ఏజెంట్ పిస్టల్ తీశాడు. పిల్లి ఒక్క గుద్దుతో వాణ్ణి పడగొట్టి, మాస్క్ తగిలించుకుని లోపలికి ఉరికాడు. గది నిండా గ్యాస్. బావ సిలిండర్ల వాల్వు చక్రాన్ని ఒళ్లంతా వేసి బిగించి పట్టుకున్నాడు. ఊరి పంపు మొదలవబోతుండగా, ఆఖరి క్షణంలో పిల్లి మెయిన్ స్విచ్ లాగేశాడు.

"ఏమోయ్ బామ్మర్దీ, ఇప్పుడా రావడం?" బావ నవ్వబోయి దగ్గాడు. "మీ అక్కకి చెప్పు... ఇవాళ కుళాయి నీళ్లు పట్టొద్దని."

అవే బావ ఆఖరి మాటలు. పిల్లి అతన్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో అక్క ఒక్కటే అడిగింది.

"మీ బావ ఫోన్ చేసినప్పుడు నువ్వెక్కడున్నావురా?"

"మీటింగులో, అక్కా."

ఆమె ముఖం తిప్పేసుకుంది. తిడితే బాగుండుననిపించింది పిల్లికి.

మర్నాడు చీఫ్ పిలిపించాడు. "మీ బావకి పతకం ఇద్దామనుకుంటున్నామోయ్. కాకపోతే ఏమని ఇవ్వాలి? దేశభక్తుడనా, దారి మళ్లిన అతివాదనా? కమిటీకి తేలడం లేదు."

"అయితే జైలు నుంచి మేడమ్‌ని పిలిపించండి సార్," అన్నాడు పిల్లి. "ఆవిడ లేకుండా మనకి ఏదీ తేలదు."